లావు పిల్లికి షుగరు అని తేలాక ఇంట్లో ఏం చేయాలి

అరుగు మీద బస్తాలా పడుండే ఆరేడు కిలోల గండుపిల్లి ఉన్నట్టుండి నీళ్ల గిన్నె దగ్గర కాపురం పెడుతుంది. తొట్టిలో ఇసుక పూటపూటకీ తడిసి ముద్దవుతుంది. తిండి తగ్గలేదు, అయినా నిమిరితే వెన్నుపూస చేతికి తగులుతుంది. పెరట్లో అది ఉచ్చపోసిన చోట చీమలు బారులు తీరతాయి. ఇవన్నీ కలిసి వచ్చాయంటే మన దక్షిణ ఒడిశాలో గుణుపురంలో చూపించినా బరంపురంలో చూపించినా డాక్టరుకి ముందు అనుమానం వచ్చేది షుగరు మీదే.

మొదలుపెట్టే ముందే ఒక సంగతి బుర్రకెక్కించుకోండి. షుగరు ఎక్కువగా ఉండి పిల్లి చిక్కిపోవడానికి వారాలు పడుతుంది. ఇన్సులిన్ ఎక్కువై షుగరు పడిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కింద చెప్పే ప్రతి పనిలోనూ నిదానం అనడానికి కారణం ఇదే.

ముందు రోగం ఖాయమేనా

బుట్టలో కుక్కి, ఆటోలో కుదిపి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెట్టి, ఇద్దరు అదిమి పట్టుకుని రక్తం తీస్తే ఏ రోగమూ లేని పిల్లికి కూడా షుగరు 300 చూపించొచ్చు. భయానికి షుగరు పెరగడం పిల్లుల్లో మామూలే. అందుకే ఒక్క అంకె చూసి ఇన్సులిన్ మొదలుపెట్టించుకోకండి. మూత్రంలో కూడా షుగరు ఉందా, ఫ్రక్టోజమిన్ పరీక్ష చేయించొచ్చా అని డాక్టర్ని అడగండి. ఫ్రక్టోజమిన్ గడిచిన ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది, ఆ ఒక్క పూట భయం దాన్ని మార్చలేదు. మనుషులకీ చేసే పరీక్షే కాబట్టి పెద్ద ల్యాబులకు రక్తం పంపించవచ్చు.

మూత్రం ఇంటి దగ్గరే పట్టుకెళ్తే మంచిది. తొట్టిలో ఇసుక తీసేసి, కడిగి ఆరబెట్టిన నున్నటి గులకరాళ్లు ఒక వరస పోయండి. పిల్లి పోశాక తొట్టి వంచి సిరంజితో లాగెయ్యండి. అందులో షుగరుతో పాటు కీటోన్లు (ఒళ్లు షుగరుని వాడుకోలేక కొవ్వు కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు), ఇన్‌ఫెక్షన్ కూడా చూస్తారు. నోరు తెరిచి పళ్లు చూడమనండి. కుళ్లిన పళ్లు, మూత్రంలో చీము ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇంతకుముందు దురదకో అలర్జీకో స్టెరాయిడ్ సూది వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి. నెలరోజులు పనిచేసే స్టెరాయిడ్ సూది ఒక్కటి చాలు, లావుగా ఉన్న పిల్లిని షుగరులోకి నెట్టడానికి.

మన వైపు బ్లాకు స్థాయి పశువుల ఆసుపత్రుల్లో డాక్టర్ల రోజంతా ఆవులు, మేకలు, కోళ్లతోనే సరిపోతుంది. షుగరు పిల్లి వాళ్ల దగ్గరికి వచ్చేది అరుదు. అది వాళ్ల తప్పు కాదు. మొదటిసారి మాత్రం భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీకో, ఆంధ్రా వైపు గరివిడి వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లి మోతాదు రాయించుకుని, తర్వాత రోజువారీ విషయాలకు మీ ఊరి డాక్టరుతో నడిపించుకోవడం తేలిక. రాయగడ వాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం రైలుంది. పర్లాకిమిడి వాళ్లు నౌపడా వెళ్లి మెయిన్ లైను పట్టుకోవచ్చు, గరివిడి ఆ దారిలోనే తగులుతుంది.

సిరంజి దగ్గర జరిగే పొరపాటు

పిల్లులకు ఎక్కువగా రాసేది గ్లార్జిన్ ఇన్సులిన్. లాంటస్, బేసలాగ్, గ్లారిటస్ ఈ రకానివే, మనుషుల మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. సాధారణంగా పూటకు 1 యూనిట్‌తో మొదలుపెడతారు. మొదట్లో 2 యూనిట్లు దాటనివ్వరు. మోతాదు లెక్క కట్టేది పిల్లి ఇప్పుడున్న బరువుకి కాదు, ఉండాల్సిన బరువుకి.

ఇప్పుడు అసలు విషయం. మన దేశంలో మామూలు ఇన్సులిన్ సీసాలు చాలావరకు మి.లీ.కి 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్ర మూత. గ్లార్జిన్ మి.లీ.కి 100 యూనిట్లు. దాని సిరంజికి నారింజ మూత. షాపులో కుర్రాడు ఇన్సులిన్ సిరంజి అనగానే ఎర్ర మూతది చేతిలో పెడతాడు. ఆ సిరంజిలో 2 గీత దాకా గ్లార్జిన్ లాగితే లోపలికెళ్లేది 2 కాదు, 5 యూనిట్లు. పిల్లి చిన్న ఒంటికి అది చాలా ఎక్కువ. షాపులోనే మూత రంగు, సిరంజి మీద రాసిన అంకె, సీసా మీద రాసిన అంకె మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మి.లీ.కి 300 యూనిట్లుండే గ్లార్జిన్ కూడా ఉంది, పేరు చూసి అది పట్టుకొచ్చేయకండి.

సిరంజి 0.3 మి.లీ.ది, అర యూనిట్ గీతలున్నది అడగండి. 1 మి.లీ. సిరంజిలో ఒక యూనిట్‌కీ ఒకటిన్నరకీ తేడా కంటికి ఆనదు. మందు పెద్ద సీసా కొనకండి. 3 మి.లీ. కార్ట్రిడ్జిలో 300 యూనిట్లుంటాయి, రోజుకు 2 నుంచి 4 యూనిట్లు వాడే పిల్లికి అదే ఎక్కువ. తెరిచాక 28 రోజులని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు వాడొచ్చో మీ డాక్టరు మాట మీద నడవండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన మందు మసకబారినా, నలకలు తేలినా గడువు చూడక్కర్లేదు, పారేయండి.

ఫ్రిజ్‌లో తలుపు అరలో కాకుండా మధ్య అరలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ఫ్రీజర్లో గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచేయదు. గజపతి, గంజాం వైపు తుపాను వస్తే కరెంటు సంగతి తెలిసిందే. 2018 అక్టోబరులో తిత్లి పోయాక చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు వెడల్పాటి మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, అందులో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మందు ఉంచి, పైన తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ, మే నెల ఎండలో రేకుల కింద పెట్టినదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది. రైల్లో తెచ్చేటప్పుడు ఐస్ ముక్కలకు నేరుగా ఆనించకండి, తువ్వాల్లో చుట్టి ఫ్లాస్కులో వేయండి.

సూది వేయడం

రెండు పూటలకీ మధ్య పన్నెండు గంటలు. ఉదయం ఏడుకైతే సాయంత్రం ఏడుకి. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఏడాదంతా నిలుపుకోగలిగిన టైము పెట్టుకోండి. అరగంట అటూ ఇటూ అయితే ఫర్వాలేదు.

వరస ఎప్పుడూ ఒకటే: షుగరు చూడటం, తిండి పెట్టడం, తిన్నదని కంటితో చూశాక సూది. సీసాను ఊపకండి. గాలిబుడగ వస్తే గోటితో తట్టి పైకి తెచ్చి బయటికి నెట్టేయండి. పిల్లి చాలావరకు తినేశాక, ఇంకా గిన్నెలో తల పెట్టి ఉండగానే డొక్క పక్కన చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో గుడారంలా పైకెత్తండి. కింద ఏర్పడే గుంటలోకి సూదిని ఏటవాలుగా పూర్తిగా దించి, మందు నెమ్మదిగా నొక్కి, అయిదు లెక్కపెట్టి తీయండి. భుజాల నడుమ చర్మం మందం, రోజూ అక్కడే వేస్తే గట్టిపడి మందు సరిగా ఎక్కదు. కుడి డొక్క, ఎడమ డొక్క, తొడ పైభాగం మార్చుకుంటూ వెళ్లండి. కొత్తవాళ్లు తరచూ సూదిని మడత అవతలి వైపు నుంచి బయటికి పొడిచేసి మందంతా బొచ్చులోకి వదిలేస్తారు. తీశాక వేలితో తడమండి. తడిగా ఉండి ఘాటైన మందు వాసన వస్తే లోపలికి వెళ్లనట్టే.

అప్పుడేం చేయాలి? ఏమీ చేయొద్దు. మళ్లీ వేయకండి, ఎంత వెళ్లిందో మీకు తెలియదు. ఒక పూట తప్పితే నష్టం లేదు, రెండుసార్లు పడితేనే ముప్పు. ఇంట్లో నువ్వు వేశావా, నేను వేశానా అనే వాదన వచ్చినా ఇదే సూత్రం. గోడ క్యాలెండరు మీద సూది వేసిన చేయే అప్పటికప్పుడు టిక్కు పెట్టే అలవాటు చేసుకుంటే ఆ వాదనే రాదు. వాడిన సిరంజిలు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి, చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకోకుండా.

తాతగారి షుగరు మాత్ర ముక్క చేసి పెట్టేయడం మాత్రం వద్దు. మెట్‌ఫార్మిన్ గానీ, షుగరుని మూత్రం ద్వారా బయటికి పంపే కొత్త రకం గ్లిఫ్లోజిన్ మాత్రలు గానీ మీ అంతట మీరు వేయకండి. గ్లిఫ్లోజిన్లలో పిల్లుల కోసమే చేసినవి అమెరికాలో 2022 డిసెంబరు నుంచి అనుమతిలో ఉన్నాయి. అయితే వాటితో షుగరు మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు పేరుకునే ప్రమాదం ఉంది. ఏ పిల్లికి పనికొస్తుందో డాక్టరు తేల్చాలి.

అన్నం సంగతి

మన ఇళ్లలో పిల్లి లావవడానికి కారణం చికెన్ కాదు, దాని కింద కలిపే అన్నం. చేప పులుసు కలిపిన అన్నం, పెరుగన్నం, పక్కింట్లో పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం), మధ్యలో పాలు. గుప్పెడు అన్నం, అంటే సుమారు 60 గ్రాములు, 78 కేలరీలు. నాలుగున్నర కిలోలు ఉండాల్సిన పిల్లికి రోజు మొత్తానికి కావలసింది దాదాపు 215. అంటే ఒక్క గుప్పెడే మూడోవంతు దాటింది, అదీ దాదాపు అంతా పిండిపదార్థమే. పిల్లి ఒళ్లు మాంసం మీద నడిచేలా పుట్టింది, ఆ పిండిని సర్దుకునే శక్తి దానికి తక్కువ.

కేలరీల్లో పిండిపదార్థం 12 శాతం లోపు ఉండాలి. ప్యాకెట్ మీద ఆ అంకె రాయరు, మీరే తీయాలి. వందలోంచి ప్రొటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (యాష్, అంటే ఖనిజాలు) శాతాలు తీసేస్తే మిగిలేది పిండి. ఉదాహరణకు పొడి గింజల ప్యాకెట్టు: ప్రొటీన్ 32, కొవ్వు 12, తేమ 10, పీచు 4, బూడిద 8 అనుకోండి. మిగిలేది 34. ప్రొటీన్‌నీ పిండినీ 3.5తో, కొవ్వుని 8.5తో (గ్రాముకి వచ్చే కేలరీలు ఇవి) హెచ్చిస్తే 112, 119, 102. మొత్తం 333లో పిండి వాటా 119, అంటే 36 శాతం. అదే తడి ఆహారం పౌచ్: ప్రొటీన్ 11, కొవ్వు 4, తేమ 80, పీచు 1, బూడిద 2. మిగిలేది 2. లెక్క కడితే 9 శాతంలోపే. బూడిద రాయకపోతే తడిదానికి 2, పొడిదానికి 8 వేసుకోండి. గ్రేవీ రకాల్లో చిక్కదనానికి పిండి కలుపుతారు కాబట్టి మెత్తగా ముద్దలా ఉండే రకం మేలు.

రాయగడ లాంటి చోట పౌచ్‌లు ప్రతి వారం దొరక్కపోవచ్చు. ఇంట్లో వండాలంటే తోలు తీసిన బోన్‌లెస్ చికెన్, గుడ్డు, ముళ్లు తీసిన చేప ఉడకబెట్టి, ఉడికిన నీళ్లతో సహా పెట్టండి. పిల్లికి తప్పనిసరైన టౌరిన్ అనే పోషకం ఆ నీళ్లలోకి దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, పిల్లి రక్తకణాలను అవి పగలగొడతాయి. కూర వండాక ముక్క తీసి కడిగి పెట్టినా లాభం లేదు, ముందే విడిగా ఉడికించండి. ఎండు మెత్తళ్లు ఉప్పు కషాయాలు, మానేయండి. వారానికి రెండు చిన్న కోడి కార్జం ముక్కలు మించొద్దు. ఒట్టి మాంసంతో నెలలు నడిపితే కాల్షియం, టౌరిన్ తగ్గి ఇంకో రోగం తగులుతుంది. కలపాల్సిన పొడి డాక్టరు చేత రాయించుకోండి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. అన్నం తినే పిల్లికి తగ్గట్టు రాసిన ఇన్సులిన్ అలాగే వేస్తూ, ఉత్సాహం కొద్దీ ఒక్కరోజులో అన్నం మాన్పించేస్తారు. పిండి తగ్గగానే ఇన్సులిన్ అవసరమూ పడిపోతుంది. మూడోరోజుకి పిల్లి తూలుతుంది. కాబట్టి ఏడు నుంచి పది రోజులు తీసుకుని, రోజుకి కొంచెం అన్నం తగ్గిస్తూ అంత మాంసం పెంచండి. ఆ పది రోజులూ రెండు పూటలా షుగరు చూడండి, మార్పు మొదలెట్టే ముందే డాక్టరుకి చెప్పండి.

తిరుగుళ్ల పిల్లి అయితే వీధి వీధంతా దాని వంటిల్లే. ఇంట్లో కట్టడి చేయలేకపోతే కనీసం ఇరుగుపొరుగుకి చెప్పాలి. ఒడియా వాళ్లకు 'తాకు ఖాయిబాకు దియంతు నాహిఁ' (దానికి తిండి పెట్టకండి) అంటే సరిపోతుంది. మందు వేస్తున్నామని కూడా చెబితే ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

చెవి నుంచి రక్తబొట్టు

మనుషుల గ్లూకోమీటరు పనికొస్తుంది. అయితే పిల్లి రక్తానికి అది సాధారణంగా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే మీటరు వాడండి, ఏ మీటరో డాక్టరుకి చెప్పండి.

బియ్యం కొంచెం వేయించి పాత సాక్సులో పోసి మూటకట్టండి. మీ మణికట్టుకి ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. దాన్ని చెవికి అర నిమిషం, నిమిషం ఆనించండి. చల్లటి చెవిని పొడిస్తే రక్తం రాదు, మొదటిరోజు ఓడిపోయేవాళ్లంతా ఇక్కడే ఓడిపోతారు. చెవి అంచు వెంట సన్నటి నరం కనిపిస్తుంది. నరాన్ని కాదు, నరానికీ అంచుకీ మధ్యనున్న సన్నటి జాగాలో పొడవాలి. వెనకవైపు దూది మడత పెట్టండి, లేకపోతే సూది మీ వేలిలోకి దిగుతుంది. కొద్దిగా వాజలైను రాసి ఉంటే రక్తం బొచ్చులో పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. స్ట్రిప్పు కొస ఆ బొట్టుకి తాకిస్తే అదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో అరనిమిషం నొక్కి, ఒక ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. వారం తిరిగేసరికి సాక్సు చూడగానే దానంతటదే వచ్చి కూర్చునే పిల్లులు చాలానే ఉంటాయి.

సూదికి ముందు మీటరు 200 కన్నా తక్కువ చూపిస్తే, కొత్తలో, సూది ఆపి డాక్టరుకి ఫోను చేయండి. ఫోను దొరక్కపోతే ఆ పూట మానేయడమే క్షేమం. మొదలెట్టిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో ఒక రోజంతా రెండు గంటలకోసారి, పన్నెండు గంటల పాటు చూసి కాగితం మీద రాయండి. దాన్నే గ్లూకోజ్ కర్వ్ అంటారు. అందులో అన్నిటికన్నా కింది అంకె 80 నుంచి 150 మధ్య పడాలని చూస్తారు. మోతాదు మార్చేది ఆ కాగితం చూసి డాక్టరే, అదీ అర యూనిట్ చొప్పున, ఒక్కో మార్పుకీ మధ్య కనీసం అయిదారు రోజులు గడిచాకే. చర్మానికి అంటుకుని షుగరు చూపిస్తూ పద్నాలుగు రోజులు పనిచేసే లిబ్రే సెన్సరు పిల్లి ఒంటికి కూడా అతికించవచ్చు. బొత్తిగా చెవి ముట్టనివ్వని పిల్లికి అదే దారి.

షుగరు పడిపోతే

తూలడం, వెనక కాళ్లు మడతపడటం, అకారణంగా ఆవురావురుమనడం, శూన్యంలోకి చూడటం, వణుకు, చివరికి ఫిట్స్. మీటరు 60 లోపు చూపిస్తే లక్షణం కనిపించకపోయినా ఇదే లెక్క. స్పృహలో ఉంటే వెంటనే తిండి పెట్టండి, అన్నమైనా సరే, ఇప్పుడు అన్నమే మందు. తినలేకపోతే ఒక చెంచా గ్లూకాన్-డి నాలుగు చుక్కల నీళ్లతో ముద్ద చేసి, లేదా తేనె తీసుకుని, చిగుళ్లకు రుద్దండి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు వేలు పెట్టకండి, కరుస్తుంది. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, గ్లార్జిన్ ప్రభావం ఇంకా గంటలపాటు ఉంటుంది. గ్లూకాన్-డి పొట్లం సూదులు పెట్టే డబ్బాలోనే ఉంచండి.

దీనికి ఎదురు రోగం ఇంకోటి. వాంతులు, తిండి ముట్టకపోవడం, నీరసం, నోటి నుంచి పండిన పండు లాంటి వాసన. మూత్రంలో కీటోన్ స్ట్రిప్పు రంగు మారితే రేపటిదాకా ఆగకండి. సెలైను పెట్టగలిగిన ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి.

బరువు

షుగరు అదుపు తప్పి చిక్కిపోతున్న పిల్లిని ముందే పస్తు పెట్టకండి. అంకెలు నిలకడయ్యాకే బరువు తగ్గించే పని. వారానికి ఒంటి బరువులో అర నుంచి ఒక శాతం, అంటే ఆరున్నర కిలోల పిల్లికి 30 నుంచి 65 గ్రాములు. మనిషి తూకం మీద ఎత్తుకుని నిలబడితే ఇంత తేడా తెలియదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టతో పెట్టి, బుట్ట బరువు తీసేయండి. కొట్టతను నవ్వితే నవ్వనివ్వండి.

నాలుగున్నర కిలోలకి తేవాలనుకుంటే రోజుకి సుమారు 175 కేలరీల దగ్గర మొదలుపెట్టి, వారం వారం కాటా చూసి సర్దండి. లావు పిల్లి పూర్తిగా తినడం మానేస్తే కొద్ది రోజుల్లోనే లివరుకి కొవ్వు పట్టొచ్చు, అది షుగరు కన్నా వేగంగా చంపుతుంది. ఇరవైనాలుగు గంటలు ముద్ద ముట్టకపోతే డాక్టరు దగ్గరికే.

మడమలు నేలకానించి నడుస్తుంటే అది నరాల మీద షుగరు దెబ్బ. అదుపులోకి వచ్చాక నెలల మీద చాలావరకు సర్దుకుంటుంది. ఈలోగా తొట్టి అంచు తక్కువది పెట్టండి.

ఇన్సులిన్ ఆపే రోజు

మనుషుల్లో అరుదుగా జరిగేది పిల్లుల్లో తరచుగా జరుగుతుంది: ఇన్సులిన్ అక్కర్లేకుండా పోవడం. 2009లో వెలువడిన ఒక పరిశీలనలో, ఇంట్లోనే షుగరు చూస్తూ గ్లార్జిన్‌తో గట్టిగా అదుపు చేసిన పిల్లుల్లో, రోగం బయటపడిన ఆరు నెలల్లోపు ఆ పద్ధతి మొదలుపెట్టినవాటికి 84 శాతం, ఆలస్యమైనవాటికి 35 శాతం ఇన్సులిన్ మానగలిగాయి. మొదటి నెలల్లో పడే శ్రమకి అంత విలువ. సూదికి ముందు అంకె రోజుల తరబడి 150 లోపే ఉంటూ, మోతాదు తగ్గిస్తున్నా పెరగకపోతే డాక్టరు అర యూనిట్ దాకా తెచ్చి, తర్వాత ఆపి చూస్తారు. మీరు మీరుగా ఆపకండి.

ఆపాక మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత పదిహేను రోజులకోసారి మీటరు పెట్టండి. అన్నం మళ్లీ మొదలుపెట్టొద్దు, బరువు మళ్లీ ఎక్కనివ్వొద్దు. ఎప్పుడైనా దురదకో దెబ్బకో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, సూది తీయకముందే, దీనికి ఇదివరకు షుగరు వచ్చింది, స్టెరాయిడ్ వద్దు అని చెప్పండి.